రంగుల ముఖమా, పేరున్న ఫొటోనా: 1880ల సిగరెట్ కార్డుల్లో స్త్రీ చిత్రాలు ఎంచుకునేవారికి

రెండు కార్డులు పక్కపక్కన పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. రెండూ 1880ల నాటి అమెరికా సిగరెట్ కార్డులే, రెండూ అగ్గిపెట్టెకన్నా కాస్త పొడుగు. ఒకదాని మీద లేత రంగుల్లో, బుగ్గలపై గులాబీ ఛాయతో ఒక అందగత్తె ముఖం ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు, పేరుండవలసిన చోట ఒక ఊరి పేరు ఉంది. రెండోది గోధుమరంగుకు తిరిగిన చిన్న ఫొటో. అందులో వేషంలో నిలబడ్డ ఒక నాటకాల నటి, కింద సన్నని అక్షరాల్లో ఆమె ఇంటిపేరు, ఒక సంఖ్య, సిగరెట్ బ్రాండు పేరు. మొదటిదాన్ని చూసినవారు "ఎంత బాగుందో" అంటారు. రెండోదాన్ని చూసినవారు "ఎవరీవిడ?" అని అడుగుతారు. పందొమ్మిదో శతాబ్దపు పొగాకు ప్రకటనల్లోని స్త్రీ చిత్రాలను కొని దాచుకోవాలనుకునేవారు మొదట తేల్చుకోవలసింది ఈ తేడానే. ధర, నాణ్యత, సెట్టు పూర్తిచేయడం వంటివన్నీ ఆ తరవాత వచ్చే విషయాలు.

ఈ కార్డులు అసలు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. అప్పటి సిగరెట్లు పలుచని కాగితపు పొట్లాల్లో వచ్చేవి. జేబులో నలిగి విరిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఎలాగూ పెడుతున్న ఆ అట్ట మీద ఒక బొమ్మ వేసి, దానికి వరుస సంఖ్య ఇస్తే, కొన్నవాడు మిగిలిన బొమ్మల కోసం మళ్లీ అదే బ్రాండు అడుగుతాడని కంపెనీలు 1870ల చివరికి గ్రహించాయి. న్యూయార్కుకు చెందిన థామస్ హాల్ కంపెనీ 1879లో వేసిన ఒక కార్డును, తేదీతో సహా దొరికినవాటిలో అతి పాతదిగా సేకరణ చేసేవారు చెప్పుకుంటారు. దాని మీద ఉన్నది స్త్రీ కాదు, అప్పటి కెనడా గవర్నర్ జనరల్ లార్న్ ప్రభువు. అయితే అదే హాల్ కంపెనీ అమ్మిన ఒక సిగరెట్ పేరు "బిట్వీన్ ది ఆక్ట్స్", అంటే నాటకంలో అంకానికీ అంకానికీ నడుమ కాల్చుకునేదని అర్థం. సిగరెట్టుకూ నాటకశాలకూ ఆనాడున్న చుట్టరికం ఆ పేరులోనే ఉంది కాబట్టి, కార్డుల మీదికి నటీమణులు రావడంలో వింతేమీ లేదు. ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు పోగేసుకుని పందేలాడుకున్న మన ఊళ్ల పిల్లలకు ఈ వ్యామోహం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

దీన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది యంత్రం. జేమ్స్ బాన్‌సాక్ 1881లో పేటెంటు పొందిన చుట్టే యంత్రం, సరిగా నడిస్తే, రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టగలిగేది. నార్త్ కరోలినాలోని డర్హమ్‌కు చెందిన డ్యూక్ కంపెనీ 1884లో దాన్ని పనిలో పెట్టింది. ఇక తయారు చేయడం కాదు, అమ్మడమే సమస్య అయింది. అదే ఏడు అట్లాంటాలో ఆ కంపెనీ తరఫున తిరిగిన ఒక అమ్మకందారు, ఆ ఊరికి వచ్చిన రేయా అనే ఫ్రెంచి నటి అనుమతి తీసుకుని, ఆమె చేతిలో డ్యూక్ సిగరెట్ల పొట్లం ఉన్నట్టు బొమ్మ వేయించి, "అట్లాంటా మెచ్చినది" అన్న అర్థమొచ్చే మాటతో ప్రకటించాడు. మెచ్చినది నటినా సిగరెట్టునా అన్నది చూసేవారికి వదిలేశాడు. 1889 నాటికి డ్యూక్ కంపెనీ ఒక్క ఏడాదిలో ప్రకటనల మీద పెట్టిన ఖర్చు సుమారు 8 లక్షల డాలర్లు. ఈ డ్యూక్ మనకూ పూర్తిగా పరాయివాడు కాదు: కంపెనీని నడిపిన జేమ్స్ డ్యూకే 1902లో ఏర్పడిన బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు తొలి అధ్యక్షుడు, గుంటూరు, చీరాల ప్రాంతాల్లో వర్జీనియా పొగాకును విస్తరింపజేసిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐ.ఎల్.టి.డి.) ఆ గొడుగు కింద పుట్టిందే.

ఇప్పుడు ఎంపికల సంగతి. మార్కెట్లో దొరికేవాటిని మూడు రకాలుగా చెప్పుకోవచ్చు: రాతి అచ్చుతో వేసిన రంగుల కార్డులు, అట్టకు అంటించిన చిన్న ఫొటోలు, బహుమతిగా ఇచ్చిన పెద్ద ఫొటోలు. అసలు కొనకుండా, మ్యూజియంలు ఉచితంగా ఇచ్చే చిత్రాలతో తృప్తిపడటం నాలుగో దారి. దాన్ని నేను చిన్నచూపు చూడను, కారణం తరవాత చెబుతాను.

రంగుల కార్డుల్లో మొదట చెప్పవలసిన పేరు వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు చెందిన ఆలెన్ అండ్ జింటర్. ఈ కంపెనీ 1888లో "వరల్డ్స్ బ్యూటీస్" పేరుతో యాభై కార్డుల సెట్టు, దానికి కొనసాగింపుగా మరో యాభై కార్డుల సెట్టు విడుదల చేసింది. ఒక్కొక్క కార్డు అంగుళంన్నర వెడల్పు, రెండుమ్ముప్పావు అంగుళాల పొడవు. ముఖం ఒక్కటే పెద్దగా, తలపాగానో టోపీనో పూలచెండో నగలో పెట్టి, ఒక్కో ఊరికో దేశానికో ప్రతినిధిగా నిలబెడతారు. విసనకర్రలు పట్టుకున్న స్త్రీల సెట్టు, గొడుగులు పట్టుకున్న స్త్రీల సెట్టు కూడా ఇదే కంపెనీవి. రాచెస్టర్ నగరానికి చెందిన విలియం కింబల్ కంపెనీ దేశదేశాల నాట్యగత్తెల సెట్టు వేసింది. వీటి అచ్చు పనితనం అప్పటి అమెరికాలో చెప్పుకోదగ్గది. ఆలెన్ అండ్ జింటర్ కార్డులు చాలావరకు న్యూయార్కులోని లిండ్నర్, ఎడ్డీ అండ్ క్లాస్ అనే అచ్చు సంస్థ చేతిలో తయారయ్యాయి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి సిద్ధం చేసి, అదే కాగితాన్ని అన్ని రాళ్ల మీదుగా గీత తప్పకుండా నడిపించడం ఈ పద్ధతి. మన ఇళ్లలో పూజగదుల దాకా వచ్చిన రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలను బొంబాయిలో 1894లో పెట్టిన ఆయన ప్రెస్సు అచ్చువేసింది కూడా ఈ పద్ధతిలోనే. ఆ పటాన్ని దగ్గరగా చూసినవారికి ఈ కార్డు బుగ్గ మీది గులాబీ రంగు కొత్తగా అనిపించదు.

కంటికి ఇంపుగా ఉండటం, సెట్టులో ఎన్ని కార్డులున్నాయో కచ్చితంగా తెలియడం, వెనకవైపు మొత్తం జాబితా అచ్చయి ఉండటం రంగుల కార్డుల బలాలు. యాభైలో ముప్పై దొరికాయంటే ఇరవై మిగిలాయని తెలుస్తుంది. సెట్టు పూర్తిచేయడమే ఆనందంగా భావించేవారికి ఇంతకన్నా అనువైన రకం లేదు. వీటి లోపం కూడా ఆ అందంలోనే ఉందని నా అభిప్రాయం. ఊరు పేరు చెప్పి చూపించిన ఆ ముఖం ఆ ఊరి స్త్రీది కాదు. బొమ్మవేసినవాడి ఊహలో ఆ ఊరి స్త్రీ ఎలా ఉండాలో అలా ఉన్న ముఖం. టోపీ మారుతుంది, నగ మారుతుంది, కళ్లూ ముక్కూ మాత్రం అక్కచెల్లెళ్లవిలా ఒకే పోలికలో ఉంటాయి. పది కార్డులు వరుసగా పరిస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. ప్రపంచంలోని స్త్రీలను అమెరికా మగవాడు ఎలా చూడదలచుకున్నాడో తెలుసుకోవడానికి ఇవి మంచి సాక్ష్యం. ఆ స్త్రీల గురించి తెలుసుకోవడానికి మాత్రం పనికిరావు.

దీనికో మినహాయింపు ఉంది. ఆలెన్ అండ్ జింటర్ 1887 నాటి "వరల్డ్స్ ఛాంపియన్స్" సెట్టులో తుపాకీ గురిలో పేరుమోసిన ఆనీ ఓక్లీ ఉంది, అదీ రంగుల్లో, అదీ తన సొంత పేరుతో. అయితే అదే సెట్టులో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్లు కూడా ఉన్నందువల్ల, క్రీడా కార్డులు కొనేవారి పోటీ ఆ సెట్టు మొత్తం మీద పడుతుంది. స్త్రీ చిత్రాల కోసం మొదలుపెట్టేవారు ఈ కార్డును మొదటి కొనుగోలుగా పెట్టుకోకపోవడం మంచిది.

ఇక ఫొటో కార్డులు. డ్యూక్ కంపెనీ "ఆక్టర్స్ అండ్ ఆక్ట్రెసెస్" వరుసను క్రాస్ కట్, డ్యూక్స్ కేమియో వంటి తన బ్రాండ్లలో పెట్టింది; న్యూయార్కులోని కిన్నీ బ్రదర్స్ తమ స్వీట్ కాపోరల్ సిగరెట్లలో, గుడ్విన్ కంపెనీ తమ ఓల్డ్ జడ్జ్ సిగరెట్లలో ఇలాంటివే పెట్టాయి. ఇవి అచ్చు కాదు, నిజమైన ఫొటోలు. పలుచని కాగితానికి గుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణంతో దాన్ని వెలుగుకు స్పందించేలా చేసి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో ముద్రించి, ఆ కాగితాన్ని అట్టకు అంటించేవారు. అందువల్లే నూట నలభై ఏళ్ల తరవాత అవి గోధుమరంగుకు, తెల్లగా ఉండవలసిన చోట పసుపుకు తిరిగాయి. కొన్ని అంచుల దగ్గర ఎంతగా వెలిసిపోయాయంటే, నటి చెయ్యి ఎక్కడ ముగిసి వెనకనున్న తెర ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం.

అయినా నా ఓటు వీటికే. కారణం ఒక్కటే: ఈ కార్డు మీద ఉన్నది నిజంగా కెమెరా ముందు నిలబడ్డ మనిషి. లిలియన్ రసెల్, లిల్లీ లాంగ్‌ట్రీ, మేరీ ఆండర్సన్ వంటి పెద్ద పేర్ల పక్కనే, నాలుగైదు నాటకాల్లో చిన్న వేషాలు వేసి కనుమరుగైన స్త్రీలు కూడా అంతే పరిమాణంలో, అదే గౌరవంతోనో అగౌరవంతోనో కనిపిస్తారు. పేరు దొరికితే ఆ కాలపు నాటక ప్రకటనల్లో, పత్రికల్లో వెతకవచ్చు. ఆమె వేసుకున్న దుస్తులు ఏ వేషానివో ఒక్కోసారి తేలుతుంది. దుస్తుల చరిత్ర, నాటకరంగ చరిత్ర చదివేవారికి రంగుల కార్డు ఇవ్వలేనిది ఇదే.

ఇక్కడొక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఈ ఫొటోల్లో చాలామంది నటీమణులు కాళ్లకు బిగుతైన మేజోళ్లు, పైన పొట్టి అంగీ వేసుకుని కనిపిస్తారు. లిడియా థామ్సన్ బృందం 1868లో ఇంగ్లండు నుంచి న్యూయార్కుకు తెచ్చిన బర్లెస్క్ (వెటకారపు ఆటపాటల) నాటకాల్లో స్త్రీలు మగవేషాలు వేసేవారు. ఆ వేషానికి ఆ దుస్తులు అవసరం. వేదిక మీద వేషమైనది, జేబులో పెట్టుకునే కార్డు మీద వేరే ప్రయోజనానికి పనికొచ్చింది, కంపెనీలకు ఆ సంగతి బాగా తెలుసు. కంపెనీ వ్యవస్థాపకుడు, భక్తిపరుడైన వాషింగ్టన్ డ్యూక్ స్వయంగా 1894లో కొడుకు జేమ్స్‌కు ఉత్తరం రాస్తూ, ఇలాంటి చిత్రాలు పంచడం యువతీయువకులను చెడగొడుతుందని, దాన్ని ఆపమని కోరాడు. కాబట్టి ఈ కార్డులను నటికి దక్కిన గౌరవంగా మాత్రమే చూపించే అమ్మకపు వర్ణనలను నమ్మనక్కరలేదు. నటికి ఇందులో ఏమి ముట్టిందన్న ప్రశ్న కూడా అడగవలసిందే: న్యూయార్కులో నెపోలియన్ సరోనీ వంటి పేరున్న ఫొటోగ్రాఫర్లు తారల ఫొటోలు తీసే హక్కు కోసం వారికి డబ్బిచ్చేవారు, కానీ ఒక్కసారి బయటికొచ్చిన ఫొటోకు నకళ్లు పుట్టకుండా ఆపడం కష్టం. రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటోను ఒక లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) కంపెనీ అనుమతి లేకుండా అచ్చువేస్తే సరోనీ కోర్టుకెక్కాడు, 1884లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటోకూ కాపీరైటు ఉంటుందని తీర్పిచ్చింది. ఆ హక్కు ఫొటో తీసినవాడిది, ముఖం ఎవరిదో ఆ మనిషిది కాదు.

ఫొటో కార్డుల ఇబ్బందులు రెండు. ఒకటి, వీటికి అంతు లేదు. బ్రాండును బట్టి, అంచును బట్టి, పేరు అచ్చువేసిన తీరును బట్టి ఉపవరుసలు పుట్టుకొస్తూనే ఉంటాయి. డ్యూక్ నటీనటుల వరుస ఒక్కటే, సేకరణ చేసేవారి జాబితాలో ఎన్ 145 అన్న సంఖ్య కింద ఎనిమిది భాగాలైంది. సెట్టు పూర్తిచేయాలన్న పట్టుదల ఉన్నవారిని ఇవి విసిగిస్తాయి. రెండు, కొన్నిటి మీద పేరే ఉండదు, "ఆక్ట్రెస్" అన్న మాటో వట్టి సంఖ్యో ఉంటుంది. పేరు లేని ఫొటో కార్డుకు, రంగుల కార్డుకన్నా ఎక్కువ ధర పెట్టడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే దాని అసలు బలమే అందులో లేదు.

పెద్ద ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. 1890ల మధ్యలో కెంటకీలోని లూయీవిల్‌కు చెందిన నేషనల్ టొబాకో వర్క్స్, తన న్యూస్‌బాయ్ అనే నమిలే పొగాకు కొన్నవారికి బహుమతిగా నటీమణుల ఫొటోలు ఇచ్చింది. సుమారు నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవుండే ఈ అట్టల మీద ముఖం, బట్ట నేత, నగల పనితనం స్పష్టంగా కనిపిస్తాయి. గోడకు ఒక్కటే కట్టించి పెట్టుకోవాలనుకునేవారికి ఇదే సరైన రకం. అయితే వెలుగు తగిలితే తెల్లసొన ఫొటో ఇంకా వెలిసిపోతుంది కాబట్టి, గోడకు నకలు పెట్టి అసలును పెట్టెలో దాచండి. ఇంగ్లండు కార్డులు, ముఖ్యంగా ఆగ్డెన్స్ వారి గినీ గోల్డ్ ఫొటోలు, 1894 తరవాత మొదలై ఇరవయ్యో శతాబ్దంలోకి సాగేవి. చవకగా అలవాటు పడటానికి బాగుంటాయి, కానీ ఇక్కడి విషయానికి అవి పక్కదారి.

కొనే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిశాయి. కొన్నేళ్ల కిందట ఇంటర్నెట్లో ఒక అమ్మకందారు దగ్గర "అసలైనది" అన్న హామీతో ఒక రంగుల కార్డు తెప్పించుకున్నాను. అంచులు మాసి, మూలలు అరిగి, ముచ్చటగా ఉంది. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెట్టగానే బుగ్గ మీద చిన్న చిన్న చుక్కలు వరుసలు తీరి, గులాబీ రేకుల్లా గుండ్రంగా కూర్చుని కనిపించాయి. అది ఆధునిక ఆఫ్‌సెట్ అచ్చు గుర్తు. ఆ మాసినతనం టీ నీళ్లదో కాఫీ నీళ్లదో అయ్యుంటుంది. రాతి అచ్చులో చుక్కలు ఇలా ఉండవు, చేత్తో పెట్టిన ముగ్గు చుక్కల్లా ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా, ఒక రంగు మీద ఇంకో రంగు కాస్త జరిగి ఉంటాయి. తెల్లసొన ఫొటోలో ఎంత పెంచి చూసినా చుక్కలే ఉండవు, నీడలు మెత్తగా ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి, వాటి కింద కాగితపు నార కనిపిస్తుంది. కరెన్సీ నోట్లు చూసే అతినీల దీపం ఉంటే ఇంకా తేలిక: కాగితం నీలంగా మెరిస్తే అందులో తెలుపు కోసం కలిపే ఆధునిక రసాయనం ఉన్నట్టు, అంటే అది 1880ల కాగితం కాదు. ఇంకో చిక్కు వెతుకులాటలో వస్తుంది. టాప్స్ కంపెనీ 2006 నుంచి ఆలెన్ అండ్ జింటర్ పేరుతోనే పాత నమూనాలో కొత్త కార్డులు తెస్తోంది. అవి మోసం కావు, కానీ పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేవి అవే. వెతికేటప్పుడు సెట్టు పేరు, ఎన్ సంఖ్య కూడా చేర్చండి.

వెనకవైపు ఫొటో అడగకుండా ఏ కార్డూ కొనకండి. ఆ రోజుల్లో పిల్లలూ పెద్దలూ వీటిని జిగురుతో ఆల్బంలలో అంటించేవారు; తరవాత పీకినప్పుడు వెనక పొర చిరిగిపోయేది. రంగుల కార్డుకు ఇది పెద్ద నష్టం, ఎందుకంటే జాబితా, సెట్టు పేరు ఉండేది అక్కడే. ఫొటో కార్డుకు ఈ లోపాన్ని నేను సులువుగా క్షమిస్తాను. ముందున్న ముఖం, పేరు చెక్కుచెదరకుండా ఉంటే చాలు. అంచులు కత్తిరించినది మాత్రం ఏ రకమైనా వద్దు, కత్తిరింపులో మొదట పోయేది కింద ఉన్న పేరే.

ఎన్ సంఖ్యల సంగతి చెప్పాను కాబట్టి వాటి వెనకున్న మనిషిని కూడా చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఉండిన జెఫర్సన్ బర్డిక్ 1939లో తొలి జాబితా ప్రచురించాడు. అదే తరవాత అమెరికన్ కార్డ్ కేటలాగ్ అయింది, అందులో పందొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్ అన్న అక్షరం కేటాయించాడు. మూడు లక్షలకు పైగా ఉన్న తన కాగితపు సేకరణను 1947 నుంచి మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఇస్తూ, కీళ్లవాతంతో వేళ్లు వంగని స్థితిలో కూడా తానే వచ్చి ఆల్బంలలో అతికించాడు. 1963 జనవరిలో ఆ పని ముగిసింది, మార్చిలో ఆయన పోయాడు. ఆ సేకరణలో చాలా భాగం ఇప్పుడు మ్యూజియం వెబ్‌సైట్లో పెద్ద చిత్రాలుగా, వాడుకోవడానికి ఏ షరతూ లేకుండా దొరుకుతుంది. కొనకపోవడం కూడా మంచి ఎంపికే అని ముందు అన్నది ఇందుకే. పాఠానికో వ్యాసానికో బొమ్మ కావాలనుకునేవారు డబ్బు పెట్టనక్కరలేదు. ముఖ్యంగా "వరల్డ్స్ బ్యూటీస్" రంగుల అందం చేతిలోని చిన్న కార్డులోకన్నా తెర మీదే బాగా తెలుస్తుంది. ఫొటో కార్డు అలా కాదు, దాని వెలిసిన రంగు, ఒంపు తిరిగిన అట్ట, అంచున లేచిన పొర చేతిలో పట్టుకుంటేనే అర్థమవుతాయి.

ఒక సంగతి మాత్రం ఏ ఎంపికలోనూ దొరకదు. రిచ్‌మండ్‌లో ఆలెన్ అండ్ జింటర్ సిగరెట్లు చేత్తో చుట్టింది వందలాది యువతులు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పొగాకు ఆకును చేత్తో రకాలుగా విడదీసే ఆడకూలీల్లాంటివారే. ఊహలోని సుందరికి, వేదిక మీది నటికి కార్డు వేసిన కంపెనీలు బల్ల ముందు కూర్చున్న ఈ అమ్మాయిల ముఖాలతో సెట్టు వేయలేదు.

మొదటిసారి కొనేవారికి నా సలహా ఇది: ఎన్ 145 లేదా కిన్నీ వారి ఎన్ 245 వరుసలో, పేరు స్పష్టంగా చదవగలిగే ఒక్క కార్డు కొనండి, అది పెద్ద తారది కానక్కరలేదు. దాంతోపాటు రంగుల అచ్చు ఎలా ఉంటుందో చేతికి తెలియడానికి, మూల విరిగిన చవక రంగుల కార్డు ఒకటి తీసుకోండి. రెండిటినీ పాలిస్టర్ తొడుగుల్లో పెట్టండి. మెత్తని పీవీసీ తొడుగులు కాలక్రమంలో జిగటగా మారి ఫొటోకు అంటుకుంటాయి. మన తీరప్రాంతపు చెమ్మలో తొడుగు మాత్రమే సరిపోదు, మూత గట్టిగా ఉన్న పెట్టెలో సిలికా పొట్లం వేసి, ఏడాదికి రెండుసార్లైనా తీసి చూడండి. కార్డు వెనక ఏమీ రాయకండి. తొడుగులో వేరే చీటీ పెట్టి, దాని మీద నటి పేరు, బ్రాండు, ఎన్ సంఖ్య, కొన్న తేదీ పెన్సిల్‌తో రాయండి. పేరు దగ్గర ఒక గీత ఖాళీ వదలండి, ఆమె ఏ నాటకంలో ఆ దుస్తులు వేసుకుందో తెలిసిన రోజున నింపడానికి.